బలూచి తివాచీలో రాజుగారి ముఖం

వెనకటికి కంకణాలదుర్గమని ఒక రాజ్యం ఉండేది. పెద్ద రాజ్యమేం కాదు. కోట బురుజెక్కి నిలబడితే నాలుగు పొలిమేరలూ కనిపించేవి. దాన్ని ఏలే గజాంకుశ భూపతికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన బిరుదులు డెబ్భై రెండు. సభ మొదలవగానే వందిమాగధులు వాటిని వరసగా చదవాలి. మధ్యలో ఎవరైనా దగ్గితే అపచారం కింద లెక్క, మళ్ళీ మొదటినుంచి చదవాలి. చలికాలంలో ఒక్కోరోజు బిరుదులు పూర్తయ్యేసరికే మధ్యాహ్నమయ్యేది.

మనిషి చెడ్డవాడని అనలేం. తన గురించి నిజం చెప్పేవాడు లేని చోట పుట్టాడు, అక్కడే పెరిగాడు. అలాంటి చోట మనమైనా అంతకంటే బాగుపడి ఉండేవాళ్ళం కాదు.

ఆయన సభామందిరం చాలా పొడుగు. పడమటి చివర ఏడు మెట్ల మీద సింహాసనం, తూర్పు చివర పెద్దగుమ్మం. రాజు సింహాసనం వెనకున్న చిన్న వాకిలి గుండా వచ్చి, దాని గుండానే వెళ్ళిపోయేవాడు. ఇరవై రెండేళ్ళ ఏలుబడిలో ఆయన పెద్దగుమ్మం దాకా ఒక్కసారి కూడా నడవలేదు. అక్కడ నిలబడేది అర్జీలు పట్టుకొచ్చిన జనం. వాళ్ళలో ఎవరిని ఎప్పుడు పిలవాలో చూసేవాడు త్రిలోచనావధాని. సభామర్యాదలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. ఎవరు ఎంత దూరంలో నిలబడాలో, తుమ్ము వస్తే ఏ పక్కకు తిరగాలో అన్నిటికీ ఆయన దగ్గర తాటాకుల కట్ట ఒకటి ఉండేది.

ఆ సభలోనే సాహిణి కొమ్మన ఉండేవాడు. సాహిణి అంటే రాజుగారి గుర్రాలకు పెద్ద. కొమ్మనకు యాభై దాటాయి. ఎప్పుడో ఒక గుర్రం తన్నిన తన్నుకు ఎడమకాలు కాస్త ఈడ్చి నడిచేవాడు. మాట మాత్రం చురుకు. బెదిరే గుర్రానికి ఎదురుగా పోకూడదు, పక్కనుంచి పోయి మెడ మీద చెయ్యి వేయాలి. రాజుతో మాట్లాడేటప్పుడు కూడా ఆయన ఆ పద్ధతే పాటించేవాడు. అందుకే భూపతికి కోపం వచ్చినప్పుడల్లా అంతఃపురంవాళ్ళు కొమ్మనకు కబురు పెట్టేవారు.

ఏటా వానలు వెనకబట్టగానే పడమటి రేవుల మీదుగా బలూచీలు గుర్రాలు తోలుకొచ్చేవారు. ఒంటెల మీద గుడారాలు, పిల్లలు, సామాను. పడమటి వాకిలి బయట బీడులో దిగి మూడు నెలలు ఉండేవారు. మగవాళ్ళు గుర్రాలు అమ్ముకుంటుంటే ఆడవాళ్ళు నేలలో మేకులు కొట్టి, వాటి మధ్య మగ్గం పరిచి, గొర్రెబొచ్చుతో తివాచీలు ముడివేసేవారు. అవి అమ్మడానికి కాదు, వాళ్ళ గుడారాల కోసమే. వాటిలో చెట్లూ పిట్టలూ ఒంటెలూ మనుషులూ ఉండేవారు.

ఒకసారి భూపతి కొత్త గుర్రాన్ని చూడబోయి, జీను కింద ఉన్న చిన్న తివాచీని చూశాడు. దాని మీద ఒక ఒంటె, ఒక ముసలాయన. ముసలాయన ముఖంలో ఎవరో తెలిసినవాళ్ళ పోలిక ఉన్నంత జీవం ఉంది. ఇది ఎవరు నేశారని అడిగాడు. గుంపులో పెద్దావిడ మాహ్‌గంజ్ అని చెప్పారు. ఆ పేరు నోరు తిరగక కోటలోవాళ్ళు ఆమెను మాగంజమ్మ అనేవారు. తన బొమ్మతో సభ నడుమ పరిచేంత తివాచీ నేయమని భూపతి ఆజ్ఞాపించాడు.

బలూచీల భాష వచ్చినవాడు సభలో కొమ్మన ఒక్కడే. ఆమె మాటను ఆయనే విన్నవించాడు. తాను కళ్ళతో చూసిందే నేస్తుందట, చూడనిది నేయడం రాదట. అయితే చూడనీయమన్నాడు రాజు. పరదేశి ఆడమనిషి గుమ్మం దాటి లోపలికి రాకూడదన్నాడు అవధాని. సరేనని ఆమె ఒక పూటంతా పెద్దగుమ్మం దగ్గర, అర్జీల జనంలో నిలబడి రాజును చూసి వెళ్ళింది.

మరుసటి ఏడు వాళ్ళు మళ్ళీ వచ్చాక, చివరి అంచు బీడులోనే ముడివేసి మాగంజమ్మ తివాచీ ముగించింది.

దాన్ని విప్పిన రోజు సభ నిండిపోయింది. తివాచీలు పరిచే ఫరాషులు ఆరుగురు మోసుకొచ్చి నడుమ దించారు. ఎటు తల, ఎటు కాళ్ళు ఉండాలన్నది అవధాని తేల్చాడు. ప్రభువుల ప్రతిమ పాదాలు సింహాసనం వైపు చాచి ఉండరాదు, కనక తల సింహాసనం వైపే ఉండాలి. అలాగే పరిచారు. అంటే రాజు తన బొమ్మను తలకిందులుగా చూసుకోవలసి వచ్చింది. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు, అది మర్యాద కనక.

భూపతి ముందుకు వంగి చూశాడు. ఎర్రటి నేల, నీలపు అంచు, మెట్లు, సింహాసనం, దాని మీద తాను. కానీ ముఖం నల్లగా ఉంది. కుంపటి మీద నుంచి దించిన చట్టి అడుగు ఎలా ఉంటుందో అలా ఉంది. సింహాసనం చుట్టూ నిలబడ్డవాళ్ళందరికీ అలాగే కనిపించింది. 

అవధాని గొంతు సవరించుకుని, ఇది తెలిసి చేసిన అవమానమనీ, పైగా ప్రభువుల ముఖం మాడినట్టు చూపడం అరిష్టమనీ అన్నాడు. ఏం చెప్పుకుంటావో చెప్పుకోమని రాజు ఆమెను అడిగించాడు. నేరం మోపిన మనిషికి గుమ్మం కట్టుబాటు లేదు కనక మాగంజమ్మను సింహాసనం పక్కకు తెచ్చారు. ఆమె తివాచీని చూసింది. తరవాత రాజు వైపు చూసింది. ఒక్క మాట అంది. కొమ్మన దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాడు.

"నేను చూసినట్టే నేశాను అంటోంది, ప్రభూ."

అనేశాక గానీ ఆ మాట సభలో ఎలా వినిపిస్తుందో ఆయనకు తట్టలేదు. భూపతి ముఖం నిజంగానే నల్లబడింది. ఆ ముడులు వేసిన బొటనవేలూ చూపుడువేలూ రెండు చేతులవీ తీసేయమన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి పని పూర్తికావాలి. భటులు ఆమెను పట్టుకుపోయారు. ఆమె ఏడవలేదు, తన చేతులకేసి చూసుకుంటూ వెళ్ళింది.

కొమ్మనకు ఆ పూట అన్నం సయించలేదు. శిక్ష రాజు వేసిందే గానీ, ఆ శిక్షకు దారి తీసిన తెలుగు మాట తన నోట వచ్చింది. కాస్త వంకర తిప్పి చెప్పి ఉంటే పోయేది కదా అని తనను తాను తిట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి వేళ్ళు పోతే ఇక బతుకేముంది? ఆమెకు తెలిసిన పని అదొక్కటే.

పొద్దు వాలుతుండగా ఆయన సభామందిరానికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో ఆయనకే తెలియదు, ఇంకోసారి చూద్దామనిపించింది అంతే. పెద్దగుమ్మం దగ్గర కాపలా పోలయ్య ఈటె గోడకానించి నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ పాత పరిచయం. పోలయ్య మెల్లగా, తనకొక సంగతి అర్థం కాలేదన్నాడు. ప్రభువుల ముఖం అంత కళగా ఉంటే నల్లగా ఉందని అంతమంది ఎందుకన్నారు?

కొమ్మన వాడి ముఖంలోకి చూశాడు. పోలయ్య కాకా పట్టే రకం కాదు, పట్టినా వినడానికి అక్కడ రాజు లేడు. అప్పుడు కొమ్మన వాడి పక్కన నిలబడి తివాచీకేసి చూశాడు.

రాజు ముఖం మెరుస్తోంది. కాచిన నెయ్యి రంగులో, నిండుగా, బుగ్గలమీద వెలుగుతో మెరుస్తోంది.

కొమ్మన కాలీడ్చుకుంటూ సింహాసనం దాకా వెళ్ళి చూశాడు. నలుపు. వెనక్కి వచ్చి చూశాడు. వెలుగు. అలా నాలుగుసార్లు తిరిగేసరికి, సాహిణిగారికి ఏమన్నా అయిందేమోనని పోలయ్యకు భయం వేసింది. చివరికి కొమ్మన తివాచీ పక్కన కూలబడి చేత్తో నిమిరాడు. సింహాసనం వైపు నిమిరితే బొచ్చు మెత్తగా పడుకుంటోంది. గుమ్మం వైపు నిమిరితే అరచేతికి ఎదురు తిరుగుతోంది. ముప్పై ఏళ్ళుగా గుర్రాలకు మాలీసు చేయించేవాడికి అది తెలియని సంగతి కాదు. గుర్రాన్ని మెడ వైపు నుంచి చూస్తే ఒళ్ళంతా నిగనిగలాడుతుంది. వెనకనుంచి చూస్తే, వెంట్రుకల కొనలు మనకేసి ఉంటాయి కనక, అదే గుర్రం ఒక రంగు తక్కువగా కనిపిస్తుంది. ఈ బొచ్చు కొనలన్నీ సింహాసనం వైపు ఉన్నాయి. ఇంత చిన్న సంగతి పొద్దున తట్టనందుకు ఆయనకు తనమీదే చిరాకు వేసింది.

లేవబోతూ, గుమ్మం వైపు అంచు దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఒక వరస బొమ్మలున్నాయి. సింహాసనం దగ్గరనుంచి చూసేవాళ్ళకు అవి బొత్తిగా కనిపించవు. చాలాసేపు చూశాడు. ఆ వరస చివరి బొమ్మ దగ్గర ఆయన చెయ్యి కదలలేదు.

అక్కడినుంచి నేరుగా ఆమెను ఉంచిన కాపలా గదికి వెళ్ళాడు. బొమ్మను ఎటునుంచి మొదలుపెట్టావు అవ్వా అని అడిగాడు. తలనుంచే, బొచ్చు ఎప్పుడూ మొదలుపెట్టిన వైపుకే వాలుతుంది అంది ఆమె. అందరూ కాళ్ళ వైపు నుంచి మొదలుపెడతారు, తమ ఇంట్లో మాత్రం అలా చేయరట. వాళ్ళ నాయనమ్మ నేర్పిన పద్ధతి. గుంపు కదిలినప్పుడల్లా మేకులు పీకి మగ్గాన్ని చుట్టేయాలి. చుట్టిన మగ్గం మళ్ళీ విప్పుతామో లేదో ఎవరికీ తెలియదు. మనిషిని సగంలో వదలాల్సి వస్తే కాళ్ళు మిగలకూడదు, తల మిగలాలి. ముఖం ఉంటే ఎవరో అయినా తెలుస్తుంది. 

అంచులో ఉన్న చివరి బొమ్మ సంగతి అడిగాడు కొమ్మన. ఆమె గోడవైపు తిరిగింది. ఆయన మళ్ళీ అడగలేదు.

తివాచీని తిప్పమని చెబితే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. అలా చెప్పాలంటే, రాజు చూసింది తప్పు అని నిండు సభలో ఒకడు అనాలి. ఆ రాజ్యంలో అంతవరకు అలా అన్నవాడు లేడు, ఎవడైనా అంటే వేళ్ళతో పోదు. పైగా తిప్పడానికి అవధాని ఒప్పుకోడు. కొమ్మన ఆలోచన అవధాని ఒప్పుకోడన్న చోటే ఆగింది. అక్కడినుంచి వేరే దారిన సాగింది. వెళ్ళేముందు ఆమెతో, రేపు తాను ఏం మాట్లాడినా, ఆమెను తిట్టినా సరే, కంగారు పడవద్దన్నాడు.

మర్నాడు సభ కూర్చుంది. బిరుదులు చదివారు. నలభయ్యో బిరుదు దగ్గర ఎవరో దగ్గారు, మళ్ళీ మొదటినుంచి చదివారు. మాగంజమ్మను తెచ్చి పెద్దగుమ్మం పక్కన నిలబెట్టారు. కత్తి పట్టుకున్నవాడు దూరంగా స్తంభం చాటున నిలబడ్డాడు. కొమ్మన ముందుకు వచ్చి నమస్కరించాడు.

"ప్రభూ, ఈ ముసలిదాని శిక్షకు ముందు చిన్న మనవి. ఈ సభలోనే ఇంకొక నేరస్థుడున్నాడు. ఏలినవారి ముఖం నల్లగా ఉందని సభంతా చూసింది. పెద్దగుమ్మం దగ్గర కాపలావాడు పోలయ్య మాత్రం కళకళలాడుతోందంటున్నాడు. సభ అబద్ధమాడదు కదా."

భూపతి పోలయ్యను పిలిపించాడు. వాడు సింహాసనం ముందుకు వచ్చి, తివాచీకేసి చూసి, వణికిపోయాడు. ఇక్కడినుంచి నల్లగానే ఉంది.  కొమ్మన వాడితో, నీ చోటికి పోయి చూసి చెప్పమన్నాడు. పోలయ్య గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగాడు. వాడి గొంతు మందిరం ఆ చివరినుంచి ఈ చివరకు వచ్చింది.

"మెరుస్తా ఉండాది దొరా. నేను అబద్ధం ఆడటంలే."

తన ముఖం మెరుస్తోందని వింటే ఎవరికి మాత్రం చేదు? భూపతి కాస్త ముందుకు జరిగి కూర్చున్నాడు. కాపలావాడి మాట ఎలా నమ్మడం, పండితులైతే బాగుంటుందన్నాడు కొమ్మన. రాజు అవధానికేసి చూశాడు.

అవధాని ఉత్తరీయం సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. తిరిగి చూశాడు. చూడాల్సిన దానికంటే ఎక్కువసేపే అక్కడ నిలబడ్డాడు. ఉన్నది ఉన్నట్టు చెబితే నిన్నటి తన మాట పోతుంది, నిన్నటి మాటతో పాటు తన పరువూ పోతుంది. తిరిగి వచ్చి, అక్కడినుంచి చూస్తే మరింత నల్లగా ఉందని చెప్పాడు.

కొమ్మన ముందే ఊహించింది అదే. పండితులవారు అన్నాక తిరుగులేదు గానీ, సాక్ష్యం ఇటొకటి, అటొకటి అయింది ప్రభూ అన్నాడు. మూడో సాక్షిగా తాను వెళితే ఆ ముసలిదాని తరఫువాడంటారు. ఇక ఏం చేయాలో ప్రభువులే సెలవివ్వాలి.

భూపతికి చిరాకు వేసింది. ఆ తివాచీని ఇటు తిప్పండి, నేనే చూస్తాను అన్నాడు. ఫరాషులు వంగి అంచులు పట్టుకున్నారు. అవధాని రెండు చేతులూ ఎత్తి అడ్డం వచ్చాడు. పాదాలు సింహాసనం వైపు రాకూడదు, ఏడు తరాల మర్యాద అన్నాడు. తాటాకుల కట్ట తీయబోయాడు. ఆయన భయం మర్యాద గురించేనా, తిప్పితే బయటపడే మరో సంగతి గురించా అన్నది ఆ క్షణాన కొమ్మనకు తప్ప ఎవరికీ తెలియదు. రాజు ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు. ఫరాషులు అంచులు వదిలేశారు.

"అవధానిగారు చెప్పింది నిజం, ప్రభూ," అన్నాడు కొమ్మన. "తివాచీ తిరగకూడదు. మరి ప్రభువులు అటు నడవకూడదని కూడా ఎక్కడైనా రాసి ఉందా?"

అవధాని కట్ట విప్పి తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. రాజు పెద్దగుమ్మం దగ్గరికి పోరాదని ఎక్కడా లేదు. పోతాడని ఏడు తరాల్లో ఎవరూ ఊహించలేదు కనక ఎవరూ రాయలేదు.

కొమ్మన తన కుడిచేయి చాపాడు. అక్కడినుంచి కూడా ముఖం నల్లగానే కనిపిస్తే, అవ్వ వేళ్ళతో పాటు తన వేళ్ళూ తీసుకోమన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో చమత్కారమేమీ లేదు. భూపతికి కూడా అది తెలిసింది. కొమ్మన ముఖంకేసి కాసేపు చూసి, సింహాసనం మీదనుంచి లేచాడు.

రాజు ఏడు మెట్లూ దిగి జనం వైపు నడుస్తుంటే ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. గొడుగు పట్టేవాడు రెండడుగులు వేసి ఆగిపోయాడు. చామరాలు ఆగిపోయాయి. భూపతి తన బొమ్మను తొక్కకుండా తివాచీ అంచు పక్కగా నడిచి, గుమ్మం చేరి, వెనక్కి తిరిగాడు.

ముఖం మెరుస్తోంది. దొర ముఖమే, తప్పు పట్టడానికి లేదు. కనుబొమల మధ్య గీత కూడా ఆమె వదల్లేదు. భూపతి ఊపిరి పీల్చుకున్నాడు. చూసినట్టే నేశాను అన్న మాటకు ఇప్పుడు ఆయనకు అర్థం తెలిసింది. ఆమె చూసింది ఇక్కడినుంచి.

ఆ తరవాత మిగతావి తెలిశాయి. పొద్దుటి ఎండ గుమ్మంలోంచి వచ్చి వీపు కాలుస్తోంది. వెనక గోడకు అతుక్కుని అర్జీల జనం నిలబడి ఉన్నారు, వాళ్ళ ఊపిరి వినిపిస్తోంది. ఇక్కడినుంచి చూస్తే సింహాసనం చాలా దూరంలో, చిన్నదిగా ఉంది. అక్కడ కూర్చుని మాట్లాడితే ఇక్కడికి వినిపిస్తుందో లేదో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

కళ్ళు కిందికి దిగాయి. పాదాల దగ్గరి అంచులో బొమ్మల వరస ఇప్పుడు ఆయన ముందు తిన్నగా ఉంది. ఒక దిగుడుబావి, దాని నిండా తామరలు, వాకిలికి తాళం. తాళం బయట మెడలు వాలేసిన ఒంటెలు. ఆ తరవాత ఒక గుమ్మం, దాని ముందు వీపులు చూపిస్తూ నిలబడ్డ మనుషులు. ఈ తాళం ఏమిటని అడిగాడు.

పడమటి దిగుడుబావిదన్నాడు వెనకే వచ్చిన కొమ్మన. ఒంటెలు తాగితే తామరలు పాడవుతాయని రెండేళ్ళ కింద ప్రభువులే వేయించారు. భూపతికి ఆ ఆజ్ఞ ఇచ్చిన గుర్తే లేదు. ఏదో ఒక ఉదయం ఎవరో అడిగితే ఊ అని ఉంటాడు. దీని మీద అర్జీ ఏదీ తన దగ్గరికి రాలేదే అన్నాడు.  మర్యాదల సంగతి మరిచిపోయి పోలయ్య నోరు విప్పాడు.

"మూడు దినాలు ఈ అవ్వ ఈడనే నిలబడింది దొరా. ఆమె వంతు వచ్చేలోపల బిరుదులతోనే పొద్దు పోయేది."

భూపతి మళ్ళీ అంచుకేసి చూశాడు. వరస చివర ఇంకొక బొమ్మ ఉంది. చిన్న పాప. రెండు జడలు, నుదుటి మీద చుక్కలు, నవ్వుతున్న నోరు. భుజాలదాకా ఉంది. అక్కడినుంచి కిందికి ఏమీ లేదు, ఒంటెరంగు ఉన్ని ఖాళీగా అంచుదాకా పోయింది. రాజు మాగంజమ్మకేసి తిరిగాడు. ఆమెతో నేరుగా మాట్లాడడం ఆయనకు అదే మొదటిసారి.

"ఈ పాపకు కాళ్ళేవి?"

కొమ్మన దాన్ని ఆమె భాషలోకి మార్చబోయాడు. ఆమె అక్కరలేదన్నట్టు తల ఊపింది. బీడులోని మడుగు దగ్గర, సంతలో, నాలుగేళ్ళుగా ఏరుకున్న తెలుగు ఆమెది.

"నా కొడుకు బిడ్డ. మగ్గం పక్కనే కూచునేది. భుజాల దాకా నేసినా. అప్పుడు పాప పోయింది. బావి తాళం వేసినారు, మడుగు నీళ్ళు తాగింది, జ్వరం వచ్చింది." ఆమె అంచులోని ఖాళీని చూపించింది. "నేను చూసిందే నేస్తా. ఇంక కాళ్ళు ఎవరిని చూసి నేయాల?"

కొమ్మన తల దించుకున్నాడు. నిన్న సాయంత్రం ఆమె గోడవైపు ఎందుకు తిరిగిందో ఆయనకు అప్పుడు తెలిసింది. గజాంకుశ భూపతి నేల మీద మోకాళ్ళు ఆనించి ఆ పాప ముఖం మీద చెయ్యి పెట్టాడు. డెబ్భై రెండు బిరుదుల మనిషి అర్జీల జనం కాళ్ళ దగ్గర అలా కూర్చుండిపోయాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం గుమ్మం దగ్గరివాళ్ళు చూశారు. సింహాసనం దగ్గరివాళ్ళకు అది కనిపించలేదు.

లేచాక ఆయన మొట్టమొదట అడిగింది బావి తాళంచెవి. తెప్పించి మాగంజమ్మ చేతిలో పెట్టించాడు. తాళం తీసిన తరవాత దాన్ని మళ్ళీ ఎవరూ వేయకూడదన్నాడు. ఆమె ఆ చెవిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఎండలోకి నడిచింది. స్తంభం చాటున ఉన్న కత్తివాడు ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

అప్పుడు భూపతి అవధానిని దగ్గరకు పిలిచాడు. ఇక్కడినుంచి మరింత నల్లగా ఉందన్నావు కదా అని మెల్లగా అడిగాడు. ఆ మెల్లదనానికి సభ బిగుసుకుపోయింది. అవధాని తాటాకుల కట్ట గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు. ఇంకొకరి వేళ్ళు పోయే రోజు అవుతుందేమోనని కొమ్మనకు భయం వేసింది.

"అవధానిగారిది తప్పు కాదు, ప్రభూ," అన్నాడు. "ఈ చివర ఎప్పుడూ నిలబడని కళ్ళు. కొన్నాళ్ళు నిలబడితే అలవాటు పడతాయి."

భూపతి పెదవుల చివర కదిలింది. అయితే ఏడాదిపాటు ఆయన ఈ గుమ్మంలోనే, జనం మధ్య నిలబడి అర్జీలు పిలవాలన్నాడు. ఎండలో కూడానా అని అవధాని గొణిగాడు. ఎండ ఏ పక్కనుంచి వస్తే ఏ పక్కకు తిరగాలో మీ కట్టలో ఉండే ఉంటుందన్నాడు కొమ్మన. అర్జీల జనంలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

"నువ్వు నన్ను ఇక్కడికి రప్పించింది నా ముఖం చూపించడానికి కాదు," అన్నాడు రాజు కొమ్మనతో.

"ముఖం చూపించడానికే, ప్రభూ. ముఖం చూస్తేనే కదా తమరు కాళ్ళ దాకా వస్తారు."

 భూపతి నవ్వాడు. కళ్ళలో తడి ఇంకా ఆరకముందే వచ్చిన నవ్వు అది, చాలా పెద్దగా వచ్చింది. రాజు తన మీద తాను నవ్వుకోవడం సభ ఎన్నడూ చూడలేదు, కలిసి నవ్వవచ్చో లేదో తెలియక అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన తన ముంజేతి బంగారు కడియం తీసి కొమ్మన చేతికి తొడిగాడు. ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

బిరుదులు తగ్గించమన్నాడు కొమ్మన.

"ఎన్ని ఉంచుతావు?"

"ఒకటి చాలు, ప్రభూ. దగ్గొచ్చినవాడు కూడా అంతసేపు ఓర్చుకోగలడు."

రాజు మళ్ళీ నవ్వాడు. ఈసారి సభ కూడా నవ్వింది. మర్నాటినుంచి ఒక్క బిరుదే చదివారు, మిగిలిన పొద్దంతా అర్జీలకు పోయింది.

మరుసటి ఏడు బలూచీలు వచ్చినప్పుడు, ఆ పాప బొమ్మను పూర్తి చేస్తావా అని భూపతి మాగంజమ్మను అడిగించాడు. ఆమె తివాచీ అంచున కూర్చుని, ఖాళీగా ఉన్న ఉన్నిని కాసేపు నిమిరి, వద్దంది. ఆయన మళ్ళీ అడగలేదు. తివాచీని కూడా ఎవరూ తిప్పలేదు.

రాజు మాత్రం ఆ తరవాత చిన్న వాకిలి వాడడం మానేశాడు. రోజూ పెద్దగుమ్మం గుండానే సభకు వచ్చేవాడు. గుమ్మంలో ఆగి ముందు తన ముఖం చూసుకునేవాడట, మనిషే కదా. తరవాత వంగి పాప దగ్గర కాసేపు నిలబడేవాడు. అర్జీలు పిలవడం అప్పుడు మొదలయ్యేది.